ఇల్లు ఊరి వైపు, ఉద్యోగం ఆ చివర

ఎక్కడుంటారని అడిగితే హైదరాబాద్ తూర్పు శివారులోని ఘట్‌కేసర్ చుట్టుపక్కల కాలనీలవాళ్లు దూరాన్ని నిమిషాల్లో చెబుతారు. "ఉప్పల్ నుంచి ముప్పావు గంట" అంటారు. వాన పడితే ఎంతసేపని ఎదుటివాళ్లు అడగరు, వీళ్లూ చెప్పరు. నేనూ అక్కడే ఉంటాను.

ఉద్యోగం మాదాపూర్‌లో పెట్టుకుని ఇక్కడెందుకు కొన్నారని చాలామంది అడుగుతుంటారు. చవగ్గా దొరికిందని కొన్నమాట నిజమే గానీ, కారణం అదొక్కటే కాదు. మా కాలనీలో ఎక్కువమందివి జనగామ, ఆలేరు, భువనగిరి, హనుమకొండ ప్రాంతాలు. ప్లాటు కొనేటప్పుడు గజం ధరతో పాటు వాళ్లు ఊరికి పోయే దారి కూడా చూసుకున్నారు. ఇంటి వడ్లు పట్టించి బియ్యం తెచ్చుకోవాలి. నాన్నకు ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే నగరం మొత్తం దాటకుండానే బస్సెక్కాలి. అందుకే వరంగల్ రోడ్డు వాళ్లు ఉప్పల్ వైపు, నల్గొండ వాళ్లు ఎల్బీనగర్ వైపు ఇళ్లు కట్టుకున్నారు. ఉద్యోగాలు మాత్రం 1998లో సైబర్ టవర్స్ తెరిచిన దగ్గర్నుంచి పడమటికే పోయాయి. మా వైపు పోచారంలో ఇన్ఫోసిస్ ప్రాంగణం వచ్చింది. ఐటీని నలువైపులా విస్తరిస్తామని 2020లో ప్రభుత్వం గ్రిడ్ విధానం ప్రకటించింది. అయినా పొద్దున్నే జనం కదిలే దిక్కు మారలేదు.

ఈ రాకపోకలను మావాళ్లు 'అప్ అండ్ డౌన్' అంటారు. మాట పాతదే. భువనగిరి నుంచి, ఆలేరు నుంచి పుష్‌పుల్ రైల్లో నెల పాసు మీద సికింద్రాబాద్ వచ్చిపోయే గుమస్తాలు, టీచర్లు ఎప్పటినుంచో ఈ మాట వాడుతున్నారు. కాకపోతే వాళ్లది ఒక రైలు ప్రయాణం. ఇప్పటివాళ్లు ఉప్పల్ దాకా బస్సు, అక్కడినుంచి రాయదుర్గం దాకా మెట్రో, ఆపైన షేర్ ఆటో ఎక్కాలి. అన్నీ వెంటవెంటనే దొరికినా రెండు గంటలు. రానూ పోనూ నాలుగు. ఏడాదికి 250 పనిదినాలనుకుంటే 1000 గంటలు. 8 గంటల డ్యూటీ లెక్కన 125 రోజులు. ఏడాది డ్యూటీలో సగమంత జీతం లేని పని అది. ఇంటి ధరలో ఈ గంటలు కూడా ఉన్నాయని బ్రోచర్లో ఎక్కడా రాయరు, రుణమిచ్చే బ్యాంకూ అడగదు. బతికినన్నాళ్లూ తీరని బాకీ మాత్రం ఇదే.

ఈ బాకీ ఇంట్లో అందరి మీదా సమానంగా పడదు. మగవాడు ఆరున్నరకు లేచి ఏడింటికి బయల్దేరగలడు. అదే ఆఫీసులో పనిచేసే ఆడవాళ్లు నాలుగున్నరకే లేస్తే తప్ప నలుగురికి టిఫిన్, రెండు డబ్బాలు, బడి సంచీ పూర్తి కావు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఛార్జీ లేదు. నెలకు మిగిలిన ఆ డబ్బు చిన్నదేమీ కాదు. దాని విలువ తెలిసినవాళ్లెవరూ దాన్ని తేలిగ్గా మాట్లాడరు. కానీ నిలబడే చోటు లేని బస్సులో గంట ప్రయాణం గంటే. డబ్బు మిగిలింది, నిద్ర మిగల్లేదు.

పగలు పదకొండింటికి మా వీధిలోకి వస్తే ముసలివాళ్లు, పసివాళ్లు, వాచ్‌మన్ కుటుంబాలు కనిపిస్తారు. ఊళ్లో అరుగు మీద పదిమందితో కూర్చున్న మనిషిని తీసుకొచ్చి మూడో అంతస్తులో టీవీ ముందు కూర్చోబెట్టాం. కిందటేడు మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన స్నానాలగదిలో జారిపడ్డాడు. కొడుకు గచ్చిబౌలిలో, కోడలు అమీర్‌పేటలో. ఆయన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది వాచ్‌మన్ భార్య. సంతకం పెట్టాల్సిన అయినవాళ్లు రావడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలు ఆమె ఆయన చెయ్యి వదల్లేదు. ఆయన కోలుకున్నాడు. కొడుకు మాత్రం ఆ రోజు సంగతి ఎత్తితే ఇప్పటికీ మాట మారుస్తాడు.

పగలు మనిషి లేని చోట అడిగేవాడూ ఉండడు. మురుగు కాలువ పూడినా, చెరువు శిఖంలో మట్టి పోసినా చూసేసరికి చీకటి పడుతుంది. కాలనీ సంఘం సమావేశం ఆదివారమే పెట్టాలి, ఆ రోజు అధికారులకు సెలవు. ఘట్‌కేసర్, పోచారం సహా 27 పురపాలికలను 2025 చివర్లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపారు. చిరునామా మారింది. అర్జీ పట్టుకుని పోవడానికి ఒక పగలు కావాలి, అది మా దగ్గర లేదు.

పరిష్కారం అనగానే ఫ్లైఓవర్ వైపు చూడటం మనకు అలవాటైంది. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ రోడ్డు 6 కిలోమీటర్ల పైచిలుకు. 2018లో మొదలైంది, 2025 నాటికీ పూర్తి కాలేదు. ఆ స్తంభాల మధ్య గుంతల్లో ఎన్ని వేలమంది ఎన్ని సాయంత్రాలు పోగొట్టుకున్నారో ఎవరూ లెక్క రాయలేదు. రైలు మార్గం సంగతి వేరు. నగర లోకల్ రైళ్ల పథకం ఎంఎంటీఎస్ రెండో దశలో మూడింట రెండు వంతుల ఖర్చు రాష్ట్రానిదనీ, ఒక వంతు రైల్వేదనీ ఒప్పుకుని మౌలాలి–ఘట్‌కేసర్ మధ్య అదనపు లైన్లు వేశారు, మౌలాలి–సనత్‌నగర్ మార్గం సిద్ధం చేశారు. 2024 మార్చిలో ఘట్‌కేసర్–లింగంపల్లి రైలును ప్రధాని ప్రారంభించారు. బండి మారకుండా హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగొచ్చు. మా ఇళ్లకూ మా కొలువులకూ మధ్య ఇంతకంటే సూటి దారి లేదు. ఆ దారిలో నడిచే సర్వీసులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

ముంబైలో విరార్ నుంచి చర్చిగేటుకు 60 కిలోమీటర్లు. అక్కడి కిక్కిరిసిన పెట్టెలు మనకు ఆదర్శమని నేననను. కానీ ఒక బండి తప్పితే వెనకే ఇంకోటి వస్తుందన్న నమ్మకం మీదే అంత దూరాన సంసారాలు నిలబడ్డాయి. 1992లోనే చర్చిగేట్–బోరివలి మధ్య మహిళల కోసమే ఒక లోకల్ వేశారు. మనకు పట్టాలున్నాయి, ప్లాట్‌ఫారాలున్నాయి, ఎక్కే జనం ఉన్నారు.

రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే కూర్చుని ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా, సాయంత్రం ఐదు నుంచి పది దాకా అరగంటకొక బండి ఘట్‌కేసర్–లింగంపల్లి మధ్య నడపాలి. స్టేషన్ దగ్గర కాలనీలకు పోయే బస్సు ఆ వేళలకే ఆగాలి. కొత్తగా భూమి సేకరించక్కర్లేదు. ఈ టైమ్‌టేబుల్ వేయండి, చాలు.