బోర్డు కనబడట్లేదని పిల్లలు చెప్పరు

చూపు తగ్గిన పిల్లాడు ఆ సంగతి తనంతట తాను చెప్పడం అరుదు. లోకం అందరికీ అలాగే మసగ్గా కనబడుతుందనుకుంటాడు. పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటాడు. కళ్లు చికిలించి నెట్టుకొస్తాడు. ఇంట్లోవాళ్లేమో ‘చదువు మీద శ్రద్ధ లేదు’ అని తేల్చేస్తారు.

అందుకే అక్టోబరు రెండో గురువారం, ప్రపంచ దృష్టి దినోత్సవం వస్తే, తెలిసిన టీచర్లు పిలిచిన బడికి వెళ్లి ఏడో తరగతి పిల్లలతో ఓ గంట మాట్లాడతాను. ‘అంధత్వం అంటే?’ అనడిగితే నల్లకళ్లద్దాలు, చేతికర్ర అంటారు. అప్పుడు ప్రపంచపటం విప్పుతాను.

ముందు ఆఫ్రికా. ట్రకోమా అనే అంటువ్యాధి అక్కడి ఊళ్లలో చాలామంది చూపు తీసేసింది. మురికి చేతులు, తువ్వాళ్లు, ఈగల వల్ల పాకుతుంది. మళ్లీమళ్లీ సోకితే రెప్ప లోపలికి ముడుచుకుపోయి, వెంట్రుకలు కనుగుడ్డును గీరేస్తాయి. ఘనా 2018లో దాన్ని అదుపు చేసింది. 2024లో మన దేశానికీ డబ్ల్యూహెచ్‌వో ఆ గుర్తింపు ఇచ్చింది. మందులు, ఆపరేషన్లతో పాటు ముఖం కడుక్కోవడం కూడా ఇందులో ఆయుధమే అంటే పిల్లలు నమ్మరు!

తర్వాత చైనా. అక్కడ సమస్య వేరు. పుస్తకాల్లో మునిగిన పిల్లలకి దూరపు చూపు మందగిస్తోంది. గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లల్ని రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచారు. మూడేళ్లలో వాళ్లలో 30 శాతం మందికి కొత్తగా మయోపియా వచ్చింది. మిగతా బడుల్లో అది దాదాపు 40 శాతం. ఆటల పీరియడ్‌ని లెక్కల సార్ లాక్కుంటే ఏం చెప్పాలో ఇప్పుడు మీకు తెలుసు.

చివరికి మన క్లాసు. ‘ఒక కన్ను అరచేత్తో మూసి బోర్డు చదవండి, తర్వాత రెండోది’ అంటాను. కిందటేడు ఒకమ్మాయి కుడికన్ను మూయగానే ఆగిపోయింది. ఎడమకన్ను సరిగా పనిచేయట్లేదని ఆ క్షణం వరకూ తనకే తెలీదు. దీన్నే లేజీ ఐ అంటారు. మంచి కన్ను పనంతా చేసేస్తుంది కాబట్టి ఎవరూ పసిగట్టరు. చిన్నప్పుడే పట్టుకుంటే బాగవుతుంది, ఆలస్యమైనకొద్దీ కష్టం.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటివెలుగు మొదలైంది బడి పిల్లల పరీక్షలతోనే. కానీ ‘సోడాబుడ్డి’ అని ఒక్కడు నవ్వితే చాలు, కళ్లజోడు బ్యాగులోకి వెళ్లిపోతుంది. జోడు ఇవ్వడం ప్రభుత్వం పని. అది ముఖం మీద నిలిచేలా చూడటం పక్క బెంచీ వాళ్ల పని. పాఠం క్లాసంతటికీ చెప్పేది అందుకే.

ఇది చదివాక ఫోన్ పక్కన పెట్టండి. మీ తమ్ముణ్నో చెల్లినో గోడమీది క్యాలెండర్ ముందు దూరంగా నిలబెట్టి, ఒక్కో కన్నూ మూయించి చదివించండి. తేడా కనిపిస్తే వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కనిపించకపోయినా, ఏడాదికోసారి చూపించడం మంచిది.