సగటు వానతో చేను పండదు

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఉమ్మడి అనంతపురం వాన ఇంతే. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య గాలులు బంగాళాఖాతం నుంచి ఇంత దూరం వచ్చేసరికి బలం కోల్పోతాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం గుట్టల నడుమ సేద్యం చేసే మనకు ఇది కొత్త సంగతి కాదు. మన తగాదా వానతో కాదు, వానను లెక్కగట్టే తీరుతో.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడిందంతా కూడి, 'సాధారణ వర్షపాతం' అని రాస్తారు. వేరుశనగ చేనుకు ఆ కూడిక తెలియదు. పదును చూసి జూలైలో విత్తుతాం. నెల తిరిగేసరికి పూత, ఆ వెనకే ఊడలు. నేల గట్టిపడితే ఊడ దిగదు. దిగినా తేమ లేకపోతే కాయ ఊరదు. ఆగస్టులో మూడు వారాలు బెట్ట పడితే పంట పోయినట్టే. సెప్టెంబరులో కురిసే పెద్ద వాన లెక్కను సరిచేస్తుంది గానీ చేనును కాదు.

2016లో కేంద్రం సవరించిన కరువు మాన్యువల్ కూడా మూడు నాలుగు వారాల బెట్టను కొలమానంగా ఒప్పుకుంది. అయితే కరువు 'తీవ్రం' అని తేలితేనే కేంద్ర విపత్తు నిధి కదులుతుందని మెలిక పెట్టింది. 'మధ్యస్థం' అంటే భారం రాష్ట్రానిది, చివరికి రైతుది.

మండలమంతటికీ ఒకే అంకె చాలదు. గుట్టకు ఈ పక్క వాన కురిస్తే ఆ పక్క దుమ్ము లేస్తుంది. హిందూపురం సముద్ర మట్టానికి 600 మీటర్ల పైన ఉంది, చల్లదనం ఉంటుంది, మల్బరీ పండుతుంది. ధర్మవరం దిగువన ఉంది, ఎండ ఎక్కువ. బీమా మాత్రం వర్షమాపకం ఉన్న చోటినే చూస్తుంది. ఎండిన చేనును చూడదు.

కురిసినప్పుడైనా నీళ్లు నిలుస్తున్నాయా? 2021 నవంబరులో చిత్రావతి పొంగింది. పూడిన చెరువులు, ఆక్రమణల పాలైన వంకలు ఉన్నంతకాలం అలాంటి వరద మనకు నష్టమే మిగిల్చి పోతుంది.

అందుకే అడుగుతున్నాం. ప్రతి గ్రామ సచివాలయం దగ్గరా వర్షమాపకం పెట్టాలి, రోజువారీ అంకెలు బోర్డు మీద రాయాలి. బీమాకు గ్రామమే యూనిట్ కావాలి, బెట్ట రోజులు లెక్కలోకి రావాలి. వేరుశనగ అదును తప్పితే ఉలవ, కొర్ర, అలసంద విత్తనాలు పదును ఆరకముందే ఊరికి చేరాలి. కదిరి పరిశోధనా కేంద్రం ఇచ్చిన కదిరి లేపాక్షి వంటి రకాలు సన్నకారు రైతుకూ సబ్సిడీపై అందాలి. చెరువుల పూడిక, వంకల మరమ్మతు వేసవిలోనే ముగియాలి.

సంఘం శాఖలు ఒక పని చేయాలి. వాన పడిన తేదీ, విత్తిన తేదీ, పదును ఆరిన తేదీ ఊరూరా పుస్తకంలో రాసి, రైతుల సంతకాలు తీసుకోండి. అధికారులు అంకెలు చూపిస్తే, మన అంకెలు మనం చూపిద్దాం.