కొబ్బరికాయ సరే, నీళ్ళు ఎటు పోతున్నాయి సారూ?

మొన్న మా అపార్ట్‌మెంటు మీటింగులో కొత్త బోరు గొడవ వచ్చింది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగే ఆయన్ని పిలుద్దామని అందరూ ఒప్పేసుకున్నారు. "పక్క సందులో సెప్టిక్ ట్యాంకు ఉంది కదండీ, దాని నీళ్ళు ఎటు పోతున్నాయో ముందు చూద్దాం" అన్నాను. "భూమిలో నీళ్ళు కదుల్తాయా బాబూ, ఎక్కడివక్కడే ఉంటాయి" అన్నారొకాయన. ఆయన ఒక పేద్ద కంపెనీలో ఆర్కిటెక్టు! హతవిధీ!

సర్వర్లో ఒక్క ప్యాకెట్ తప్పిపోతే రాత్రంతా లాగ్స్ తవ్వే మనకి, తాగే నీళ్ళ దగ్గరికొచ్చేసరికి కొబ్బరికాయ చాలు.

కదుల్తాయండీ. 1856లోనే ఫ్రాన్సులో హెన్రీ డార్సీ అనే ఇంజనీరు ఇసుక గొట్టాల్లోంచి నీళ్ళు పంపించి దానికో సూత్రం రాశాడు. దిశ తెలియాలంటే ఒకే వరసలో లేని మూడు బోర్లు కావాలి. రాత్రి మోటార్లు (పక్కవాళ్ళవి కూడా) ఆపి, పొద్దున్నే నీటిమట్టాలు కొలిచి, నేల ఎత్తుపల్లాలు లెక్కేస్తే వాలు ఎటుందో తేలిపోతుంది. వేగానికి ఒక్క బోరు చాలు. అందులో ఉప్పునీళ్ళు కలిపి, ఆ ఉప్పదనం ఎంత త్వరగా తగ్గుతోందో కండక్టివిటీ మీటరుతో చూడాలి. బోరు చుట్టుపక్కల నీళ్ళని కూడా తనలోకి లాక్కుంటుంది కాబట్టి వచ్చిన అంకెని సుమారు సగం చేసి, రాతిలో నీళ్ళు కదిలే ఖాళీల పాలుతో భాగించాలి.

"మనది గ్రానైటు, నీళ్ళు పగుళ్ళలో ఎటుబడితే అటు పోతాయి" అంటారా? నిజమే. మూడు బోర్ల లెక్క మొత్తం వాలునే చెప్తుంది, ఒక్కో పగులు దారి చెప్పదు. అంటే ఇంకా ఎక్కువ కొలవాలని కదా అర్థం? అసలు కొలవొద్దనా?

ఒక ఊహా లెక్క చూడండి. వాలు నూరు మీటర్లకి ఒక మీటరు, రాతి పారగమ్యత రోజుకి ఒక మీటరు, నీళ్ళు కదిలే ఖాళీలు నూటికి రెండు పాళ్ళు. వేగం రోజుకి అర మీటరు. ఏడాదికి 180 మీటర్లు! పక్క సందు ఎంత దూరం సార్?

2000ల్లో అనంతపురం, మహబూబ్‌నగర్ లాంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులే పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచి పుస్తకాల్లో రాసుకున్నారు, దాన్ని బట్టి పంటలు వేసుకున్నారు. వాళ్ళకున్న ఓపిక ఇంత చదివిన మనకి లేదా?

కొబ్బరికాయ ఆయనకిచ్చే డబ్బులతో ఒక టేపు, ఒక మీటరు కొనుక్కోండి. కాయ పచ్చడి చేసుకోండి :)