ప్రత్యక్ష పాఠాలు పల్లెకు అందేదెలా?

కొత్తగూడెం (మా విలేఖరి): హైదరాబాదు స్టూడియోలో పంతులుగారు పాఠం మొదలుపెట్టిన నిమిషానికే గుండాల అడవి అంచున ఉన్న గూడెంలో పిల్లవాడు దానిని చూడవచ్చు. ఈనాటి ప్రత్యక్ష ప్రసారాల గొప్పతనం ఇదే. కాని ఆ పిల్లవాడి చేతిలోని ఫోనులో పంతులుగారి బొమ్మ నోరు తెరిచి అట్లాగే నిలిచిపోతే, మధ్యలో చక్రం గిర్రున తిరుగుతూ ఉంటే, పాఠం ప్రసారమైందని చెప్పవచ్చునేమో గాని, అందిందని చెప్పడానికి వీలులేదు. ప్రసారం కావడానికీ, అందడానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని తగ్గించే ఆలోచన చేయవలసిన సమయం వచ్చింది.

ఉమ్మడి రాష్ట్రంలో ‘మన టీవీ’గా నడిచిన ప్రభుత్వ విద్యా ప్రసారాల సంస్థ 2017లో ‘టీ-శాట్’గా మారింది. బడి పిల్లలకు ‘విద్య’, ఉద్యోగ పరీక్షలకు తయారయ్యేవారికి ‘నిపుణ’ అనే రెండు చానళ్ళు నడుస్తున్నాయి. టీవీలోనే గాక ఫోనులోను, యూట్యూబులోను వీటిని చూడవచ్చు. కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు 2020 సెప్టెంబరు 1వ తేదీ నుంచి ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరితో పాటు ఈ చానళ్ళే పాఠాలు చెప్పాయి. ఆ రోజులలో సిగ్నల్ కోసం గుట్టలెక్కిన పిల్లలను, చెట్లెక్కిన పిల్లలను మన జిల్లా ఏజెన్సీ గ్రామాల వారు మరచిపోలేదు.

బొగ్గుబాయి బిడ్డల అవసరం

ఈ ప్రాంతానికి ఇటువంటి పాఠాల అవసరం మరెక్కడి కంటే ఎక్కువ. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు బొగ్గు ప్రాంతాలలో తండ్రి బాయిలో పనిచేస్తే కొడుక్కు కూడా బాయి పనే దొరుకుతుందన్న రోజులు పోయాయి. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్ కాస్టులు వచ్చాయి. మనుషులు చేసే పనిని యంత్రాలు చేస్తున్నాయి. పర్మినెంటు ఉద్యోగుల పక్కనే కాంట్రాక్టు కార్మికులు తక్కువ కూలికి పనిచేస్తున్నారు. వారి బిడ్డలకు మిగిలిన దారి చదువు, దాని వెనుక పోటీ పరీక్ష.

2024లో 11,062 ఉపాధ్యాయ ఉద్యోగాలకు డీఎస్సీ జరిగినప్పుడు ఊరూరా యువతీ యువకులు పుస్తకాలు పట్టుకున్నారు. డబ్బున్నవారు హైదరాబాదు పోయి, గది అద్దెకు తీసుకుని కోచింగులో చేరారు. లేనివారికి ఫోనులో వచ్చే ఉచిత పాఠమే కోచింగు. అందుచేత పాఠం మధ్యలో ఆగడం చిన్న ఇబ్బంది కాదు. ఒక్క మార్కు తేడాలో ఉద్యోగం చేజారిపోయే పరీక్షలివి.

యాభై ఏళ్ళ నాటి అనుభవం

పల్లెకు దూరం నుంచి పాఠం చెప్పడం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు, ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో మన ఇస్రో ఒక పెద్ద ప్రయోగం చేసింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు నేరుగా ఉపగ్రహం నుంచే టీవీ కార్యక్రమాలు అందాయి. పొద్దున గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు కార్యక్రమాలు ఉండేవి. సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ వంటి విషయాలు చెప్పేవారు.

ఆనాడు గూటిలో వలె కోళ్ళకు కట్టే తీగ జాలీతో చేసిన పెద్ద గొడుగులే యాంటెన్నాలు. ఆ ప్రయోగంలో గమనించవలసింది ఆకాశంలోని ఉపగ్రహం ఒక్కటే కాదు. టీవీ పెట్టెను ఊరందరూ కూర్చునే చోట పెట్టారు. దానిని వేళకు పెట్టడానికి, కట్టడానికి ఊరిలోనే ఒక మనిషిని చూశారు. చెడిపోతే బాగుచేసే మనుషులను ఏర్పాటు చేశారు. జనం పొలం నుంచి ఇంటికి వచ్చే వేళ చూసుకుని సాయంత్రం కార్యక్రమాలు వేశారు. అంటే చూసేవాడి వైపు నుంచి లెక్క వేసుకుని, తర్వాతనే ప్రసారం మొదలుపెట్టారన్నమాట. నేడు యంత్రం వందరెట్లు మెరుగుపడింది. ఆ లెక్క మాత్రం వెనుకబడింది.

చిక్కు ఎక్కడున్నది?

ప్రత్యక్ష ప్రసారం ఫోనుకు ఒకే ధారగా రాదు. బొమ్మను కొద్ది సెకండ్ల ముక్కలుగా కోసి, ఒకదాని వెనుక ఒకటిగా పంపుతారు. సిగ్నల్ బాగుంటే స్పష్టమైన ముక్క, బాగులేకుంటే మసక ముక్క వస్తుంది. ఆ మసక ముక్క కూడా వేళకు చేరకపోతే చక్రం తిరగడం మొదలవుతుంది. మసక బొమ్మలో పంతులుగారి ముఖం కనిపిస్తుంది గాని, బోర్డు మీది లెక్క కనిపించదు. లెక్కల పాఠంలో లెక్కే కనిపించకుంటే వినేవాడికి మిగిలేదేమిటి?

రెండో చిక్కు ఖర్చు. ఒక మోస్తరు బొమ్మతో గంట పాఠం చూస్తే సుమారు 450 ఎంబీ డేటా అవుతుంది. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాకు నాలుగో గంట పాఠంలోనే అయిపోతుంది. ఆ ఫోను ఇంట్లో ఒక్కటే అయినప్పుడు అన్న పాఠానికి, చెల్లెలి పాఠానికి పోటీ తప్పదు. అదే పాఠాన్ని మాట మాత్రమే పంపితే గంటకు 30 ఎంబీ చాలు. అంటే ఖర్చు పదిహేనో వంతు.

మూడో చిక్కు వేళ. పగలు షిఫ్టుకు పోయే కాంట్రాక్టు కార్మికుడికి పగటి పాఠం దొరకదు. సాయంత్రం షిఫ్టు వారికి రాత్రి పాఠం దొరకదు. పత్తి ఏరే రోజులలో, మిరప కోసే రోజులలో ఆడపిల్లలు చీకటి పడేదాకా చేలలోనే ఉంటారు.

ఇక ప్రశ్నలు అడగడం సంగతి. స్టూడియోలో మాట్లాడిన మాట ఫోనులో ప్రత్యక్షంగా చేరేసరికి అర నిమిషం దాకా ఆలస్యం కావచ్చు. ‘సందేహాలుంటే అడగండి’ అని పంతులుగారు అన్న మాట పల్లెలో వినపడేసరికి అక్కడ ఆయన తరువాతి విషయంలోకి పోయి ఉంటారు. లైను కలిసినవాడు టీవీ సౌండు తగ్గించేలోగా సమయం అయిపోతుంది.

చేయదగిన పనులు

ఈ చిక్కులలో చాలా వాటికి పెద్ద ఖర్చు అవసరం లేదు. ప్రత్యక్ష పాఠాలు నడిపే వేదికలన్నీ, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, ఈ దిగువ విషయాలను ఆలోచించడం మంచిది. ఇప్పటికే ఉన్నచోట కొనసాగించవచ్చు, లేనిచోట చేర్చవచ్చు.

1. ప్రతి పాఠానికి బొమ్మతో పాటు ‘మాట మాత్రమే’ అన్న మీట ఉండాలి. బోర్డు మీది విషయాన్ని విడిగా నాలుగైదు ఫొటోలుగా ముందే పంపితే, సిగ్నల్ ఉన్నచోట వాటిని దించుకుని, ఇంటి దగ్గర మాట వింటూ పాఠం అనుసరించవచ్చు.

2. బోర్డు మీద అక్షరాలు పెద్దవిగా, ఒక్కో పలక మీద ఆరేడు వరుసలకు మించకుండా ఉండాలి. స్టూడియోలో పెద్ద తెర మీద చూసి తృప్తి పడకుండా, ఒక చవక ఫోనులో మసక బొమ్మ పెట్టి చూసి, చదవగలిగితేనే ప్రసారం చేయాలి.

3. పాఠం మధ్యలో తెగిపోయినవాడు తిరిగి వస్తే తెగిన చోటు నుంచే చూసే వీలుండాలి. మూడు గంటల ప్రసారాన్ని ఒకే ముద్దగా దాచిపెట్టకుండా, అధ్యాయాల వారీగా తెలుగులో పేర్లు పెట్టి ఉంచాలి.

4. వారం పాఠాల పట్టిక ముందే ప్రకటించాలి. ముఖ్యమైన ప్రత్యక్ష పాఠాన్ని వేరు వేరు వేళల్లో రెండుసార్లు తిరిగి వేయాలి. బొగ్గు ప్రాంతంలో ‘ప్లేడే’ అని పిలిచే వారపు సెలవు రోజున సందేహాల కార్యక్రమం పెడితే షిఫ్టుల వారందరికీ అనుకూలం.

5. ప్రశ్నలను పాఠం మొదలు నుంచి మిస్డ్ కాల్ ద్వారానో, మాటను రికార్డు చేసి పంపడం ద్వారానో తీసుకోవాలి. జిల్లాల వారీగా వంతు వేస్తే పట్నం వారి ఫోనులే ముందు కలిసే పరిస్థితి పోతుంది.

6. చిన్న తరగతుల పిల్లలకు దుమ్ముగూడెం, చర్ల, గుండాల, కరకగూడెం వైపు కోయ భాషలో నాలుగు మాటలు కలిపి చెప్పే ఉపాధ్యాయులను పిలిపించాలి. ఇంటి భాష వినపడితే పిల్లవాడు తెర ముందు కూర్చుంటాడు.

పంచాయతీల వంతు

అంతా హైదరాబాదులోనే జరగాలనుకోవడం కూడా సరికాదు. పంచాయతీలకు ఇంటర్నెట్ తీగ వేసే పథకానికి కేంద్రం 2011లోనే అనుమతి ఇచ్చింది. నేడు దానిని భారత్‌నెట్ అంటున్నారు. తీగ చేరిన పంచాయతీ ఆఫీసులో, లేదా బడిలో ఒక పెద్ద టీవీ, కరెంటు పోతే నడిపే బ్యాటరీ పెట్టి, పొద్దుగూకిన తరువాత రెండు గంటలు తెరిచి ఉంచితే పది ఫోనుల పని ఒక్క టీవీ చేస్తుంది. తాళం ఎవరి చేతిలో ఉండాలన్నదే అసలు ప్రశ్న. 1975లో ఊరికొక మనిషిని చూసిన పద్ధతినే ఇప్పుడు మహిళా సంఘాలకో, చదువుకున్న నిరుద్యోగికో కొద్ది గౌరవ వేతనంతో అప్పగించవచ్చు. తాళం వేసిన గదిలో టీవీ దుమ్ము పట్టడం మన ఊళ్ళలో చాలాసార్లు చూసిన విషయమే గనుక ఈ మాట చెప్పవలసి వస్తున్నది.

చివరగా లెక్క తీసే పద్ధతి మారాలి. ఒక పాఠాన్ని లక్షమంది తెరిచారని చెప్పుకోవడం సులభం. అందులో ఎంతమంది చివరిదాకా చూడగలిగారు, ఏ మండలంలో ఎన్ని నిమిషాలకు బొమ్మ ఆగిపోయింది అన్న లెక్కలు వేదిక నడిపేవారి దగ్గర ఉంటాయి. ఆ వివరాలను మండలాల వారీగా బయటపెడితే, టవరు ఎక్కడ కావాలో, తీగ ఎక్కడ తెగిందో, టీవీ గది ఎక్కడ తెరవాలో కలెక్టరుకూ తెలుస్తుంది, ఎమ్మెల్యేకూ తెలుస్తుంది, ఊరి జనానికీ తెలుస్తుంది.

పాఠం చెప్పే పంతులుగారికి లోపం లేదు, వినే పిల్లలకు పట్టుదల లేకపోలేదు. మధ్యనున్న బాట బాగుచేయవలసి ఉంది. గుట్ట ఎక్కకుండానే మన పిల్లలు పాఠం వినగలిగిన నాడు, ఆ ప్రసారం నిజంగా పల్లెకు అందినట్లు. సంబంధిత అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించగలరని ఈ ప్రాంత ప్రజలు ఆశిస్తున్నారు.