పన్నెండోవాడు

నల్లగొండలో క్లాక్ టవరు దగ్గర ఒక చిన్న టీ హోటలు వుంది. దానికి బోర్డు లేదు. ఆ అవసరమూ లేదు. షుగరు తగ్గడం కోసం తెల్లవారి ఆరింటికి నడకకు బయలుదేరే నేను ఏడింటికి అక్కడ కూర్చుని పంచదార వేసిన టీ తాగుతాను. ఈ సంగతి మా ఇంట్లో తెలియదు. ఈ పత్రిక మా ఇంటికి వస్తుంది కనుక ఈ వారంతో తెలిసిపోతుంది. సరే, కానివ్వండి.

ఆ హోటలుకు టీ కోసం వచ్చేవాళ్ళకంటె వాదం కోసం వచ్చేవాళ్ళే ఎక్కువ. ఎండాకాలంలో క్రికెట్టు, ఎన్నికల్లో ఎన్నికలు, వానాకాలం వెళ్ళేవేళకు కబడ్డీ. 2025 అక్టోబరు ఆఖరున ఒకరోజు నేను వెళ్ళేసరికి అందరి మొహాలూ వేలాడుతున్నాయి. ముందురోజు రాత్రి ఢిల్లీలో ప్రో కబడ్డీ క్వాలిఫయరులో తెలుగు టైటాన్స్ జట్టు పుణేరి పల్టన్ చేతిలో ఓడిపోయింది. ఆ ఒక్క ఆటా గెలిచివుంటే ఫైనలు. 2014లో ఈ పోటీలు పుట్టినప్పటినుంచీ మనవాళ్ళు ఫైనలు గడప తొక్కలేదు.

ఓడిన దుఃఖం పావుగంట వుంది. తరువాత వాదం మొదలైంది.

ఎప్పుడూ ఇద్దరే పెద్ద వకీళ్ళు. ఒకాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనాడు. అందరూ కాక అంటారు. రెండోవాడు సెల్‌ఫోనులు బాగుచేసే కుర్రవాడు. కాకది పాతకాపుల పక్షం. కుర్రవాడిది కొత్తవాళ్ళ పక్షం.

"పవన్ సెహ్రావత్‌ను ఇడిసిపెట్టుడే తప్పు," అన్నాడు కాక. "2023ల హాంగ్జౌ ఏషియాడ్‌కు కెప్టెన్‌గా పోయి బంగారం తెచ్చినోడు. గసొంటోన్ని తమిళోళ్ళకు ఇచ్చి పోరగాళ్ళతోని ఆడితే గిట్లనే అయితది."

"కాకా, గా పవన్ వున్న యేడు ఎన్ని గెలిచినం?" అన్నాడు కుర్రవాడు.

కాక టీ ఊదుకున్నాడు.

జవాబు అక్కడున్న అందరికీ తెలుసు. 2023 వేలంలో పవన్ కోసం టైటాన్స్‌వారు 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టారు. ఒక్కొక్క జట్టు మొత్తంగా ఖర్చు పెట్టగలిగింది 5 కోట్లు. అంటే సంచిలో సగానికి పైగా ఒక్కడి జేబులోకి పోయింది. అతను తన వంతు పాయింట్లు తెచ్చాడు, కాదనలేం. జట్టు మాత్రం ఆ ఏడు 22 ఆటల్లో రెండే గెలిచింది. అంతకుముందు 2021-22లో ఒకటి, 2022లో రెండు. మూడేళ్ళలో 66 ఆటలాడి అయిదు గెలుపులు. ఆ మూడేళ్ళూ ఆ హోటల్లో టైటాన్స్ పేరెత్తితే నవ్వేవాళ్ళు. 2024లో పవన్ దెబ్బ తగిలి మధ్యలో కూర్చున్నా, విజయ్ మాలిక్ వంటివాళ్ళు కూతకు వెళ్ళి పన్నెండు ఆటలు గెలిపించారు. 2025లో ఆ మాలిక్కే కెప్టెను. 2016 తరువాత మళ్ళీ మనవాళ్ళు ప్లేఆఫ్స్ చూసింది అప్పుడే.

నన్నడిగితే ఇందులో మాయ లేదు. చూడండి, ఈ ఆటలో ఔటైనవాడు ఇంటికి పోడు. గీత బయట కూర్చుంటాడు. తనవాళ్ళు ఒక పాయింటు తెస్తే లేచి లోపలికి వస్తాడు. ఎంత మొనగాడైనా, రెండు కోట్లవాడైనా, తొమ్మిది లక్షల కుర్రవాడు పాయింటు తెచ్చిందాకా అక్కడ కూర్చోవలసిందే. ఆ ఏడు మన పవన్ చాలాసేపు అలా కూర్చున్నాడు. లేపేవాళ్ళు కరువయ్యారు. ఇంత చక్కని న్యాయం వున్న ఆట ఇంకోటి నాకు తెలియదు. క్రికెట్టులో ఔటైనవాడు పెవిలియనుకు పోయి కాళ్ళు బార్లాచాపుకుంటాడు.

"గదంత సరే," అన్నాడు హోటలాయన, గ్లాసులు కడుగుతూ. "గిండ్ల మనోడెవడన్న వున్నడా?"

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా కాకా, కుర్రవాడూ ఒకే పక్షం అవుతారు. జట్టు పేరు తెలుగు. చొక్కాల వెనక చూస్తే మాలిక్, హుడా, పవార్, షిండే. నేను తెలుగు పంతుల్ని కనుక ఇంటిపేర్లు చూడడం నాకు అలవాటు. వాళ్ళు మంచి ఆటగాళ్ళు. నేను చప్పట్లు కొట్టాను కూడా. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోరు నుంచి వచ్చి 2014 మొదలు 2018 దాకా మనకు ఆడిన రాహుల్ చౌదరిని ఈ హోటల్లో మేనల్లుడిలా చూసుకున్నారు. అయినా ఆ ప్రశ్న ముల్లులా వుంటుంది.

హర్యానాలో ఊరూరా కబడ్డీ కోర్టూ, దాని పక్కన ఈల పట్టుకున్న మనిషీ వుంటారట. అక్కడ కబడ్డీ ఆడినవాడికి రైల్వేలోనో సైన్యంలోనో పోలీసులోనో ఉద్యోగం కళ్ళముందు కనిపిస్తుంది. తండ్రి కొడుకును కోర్టుకు తోలడానికి ఆ ఒక్కటి చాలు.

మనకు ఆట లేదా? నేను పుట్టింది పాలమూరు వైపు. దిండి వాగుకు అటువాళ్ళం పాలమూరు, ఇటువాళ్ళు నల్లగొండ. ఎండాకాలం వాగు ఇసుకలో గీత గీసి రెండు జిల్లాలవాళ్ళమూ చెడుగుడు ఆడేవాళ్ళం. గడియారం లేదు, ముప్ఫయి సెకండ్ల లెక్క లేదు. వూపిరే గడియారం. కూత తెగితే చచ్చినట్టే. కోడి కూత, రైలు కూత, చెడుగుడు కూత అని మనవాళ్ళు అన్నిటికీ ఒకటే మాట పెట్టుకున్నారు. టీవీలో వ్యాఖ్యాతల అరుపుల మధ్య ఆ కూత వినబడదు. ఇది నా చాదస్తం కాబోలు.

2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు జరిగాయి. ఆరంభం రోజున జనంతో నిండిన గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. 2016 దాకా సూర్యాపేట మా నల్లగొండ జిల్లాలోదే. దెబ్బలు తిన్నవాళ్ళు సినిమా తార కోసం వచ్చినవాళ్ళు కారు. ఇరవై ఏళ్ళు నిండని పిల్లల కూత చూడడానికి వచ్చినవాళ్ళు.

"మీరు చెప్పండి సార్," అన్నాడు సెల్‌ఫోను కుర్రవాడు నావైపు తిరిగి. "కొత్త పోరగాళ్ళకు చాన్సు ఇయ్యాల్నా వద్దా? మీరెప్పుడు మా దిక్కే గద."

నిజమే. మూడేళ్ళుగా నేను అతని పక్షమే. "కుర్రవాణ్ణి దింపితే కదా వాడేమిటో తెలిసేది" అని ఆ బల్ల మీదే ఎన్నిసార్లో గుద్ది చెప్పాను. ఆ ఉదయం మాత్రం "కాలేజీకి వేళయింది" అని లేచి వచ్చేశాను. పొద్దున్న ఏడున్నరకు ఏ కాలేజీకీ వేళ కాదు.

కారణం చెబుతాను.

సెప్టెంబరులో మా కాలేజీ కబడ్డీ జట్టు ఎంపిక జరిగింది. టీ హోటల్లో నా కబడ్డీ పాండిత్యం సంగతి ఎవరు మోశారో, ఎంపిక చేసే ముగ్గురిలో నన్నూ వేశారు. కోర్టులో ఏడుగురు, బయట అయిదుగురు, మొత్తం పన్నెండుమంది. పదకొండు పేర్లు పావుగంటలో తేలిపోయాయి. పన్నెండో పేరు దగ్గర ఆగాం.

ఒకడు మూడో సంవత్సరం వాడు. కార్నరులో నిలబడతాడు. తప్పు చేయడు, అద్భుతమూ చేయడు. రెండోవాడు మొదటి సంవత్సరం, మర్రిగూడ మండలం నుంచి వచ్చాడు. సన్నగా, నల్లగా, గాలికి వూగే జొన్నచొప్పలా వుంటాడు. మొదటి కూతలో ఇద్దరిని తాకి గీత మీదికి ఎగిరి వచ్చాడు. వాడు ఎగిరినప్పుడు మా వ్యాయామోపాధ్యాయుడి చేతిలో పెన్ను ఆగిపోయింది. రెండో కూతలో బోనస్ గీత దాకా దూసుకుపోయాడు. కాలి మడమ దొరికింది. ముగ్గురు మీద పడ్డారు. నేను కాగితం మీద "తొందర ఎక్కువ" అని రాశాను. మంచి చేతిరాతతోనే రాశాను.

"వీడే కావాలి," అన్నాడు వ్యాయామోపాధ్యాయుడు. "వీడికి ఇంకా రెండేళ్ళు వున్నాయి. పెద్దవాడికి ఇదే ఆఖరు ఏడు," అన్నాను నేను. ధర్మంగానే వినిపించింది. మూడో ఆయన గణితం లెక్చరరు; ఆయనకు క్లాసు వుంది; నాతో అవునన్నాడు.

జట్టు వెళ్ళింది, రెండో ఆటలో ఓడి వచ్చింది. మా పన్నెండోవాడు రెండు ఆటల్లోనూ ఒక్క క్షణమైనా కోర్టులో అడుగు పెట్టలేదు.

పన్నెండోవాడికి దక్కేది ఏమిటి? ఒక ట్రాక్ సూటు, బస్సు చార్జీ, రెండు పూటల భోజనం. అంతే కదా అనుకున్నాను. దసరా సెలవులు అయ్యాక అటెండెన్సు పిలుస్తుంటే మొదటి సంవత్సరంలో ఒక పేరుకు జవాబు రాలేదు. మరునాడూ లేదు. పది రోజులూ లేదు. తోటివాళ్ళను అడిగితే, "హైదరాబాద్ పోయిండు సార్, వాళ్ళ అమ్మనాయిన దగ్గరికి. బిల్డింగ్ పనికి," అన్నారు. తరువాత ఒకడు మెల్లగా, "వాడు కాలేజీకి వచ్చిందే కబడ్డీకి సార్," అన్నాడు.

హోటలు నుంచి లేచి వచ్చేసిన తరువాతి ఆదివారం నేను రెండు బస్సులు మారి ఆ ఊరు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే సరిగా తెలియదు. ఇంటి దగ్గర తాత ఒక్కడే నులకమంచం మీద వున్నాడు. నన్ను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. మోకాళ్ళు వంగి అలాగే బిగిసిపోయాయి. మునుగోడు, మర్రిగూడ పక్కల ఫ్లోరైడు నీళ్ళు తాగిన తరం అది. ఇంటి ముందు ఇప్పుడు నల్లాలో కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. వచ్చేసరికి ఆయన ఎముకల పని అయిపోయింది.

గోడకు ఒక మేకు, మేకుకు తాడు, తాడుకు రెండు చిన్న పతకాలు. బడిలో ఆడినప్పటివి.

"సారు, మీరు కాలేజీల ఏం చెప్తరు?" అని అడిగాడు.

"తెలుగు."

"ఆటల సారు గారా?"

"కాదు," అన్నాను. ఆ క్షణంలో అది పెద్ద ఊరటగా అనిపించినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"మా ఇంట్ల దుంకేటోడు వాడొక్కడే సారు," అన్నాడు ముసలాయన. "నేను గిట్ల. వాని నాయినకు నడుము వంగది. వాడు చిన్నగున్నప్పుడు గోడ దుంకితే మేం కొట్టలె. దుంకనీయుండ్రి అన్న."

నేను రాసిన "తొందర ఎక్కువ" అన్న రెండు మాటలు గుర్తుకు వచ్చాయి.

ఆయన దగ్గర కుర్రవాడి నంబరు తీసుకుని బయటికి వచ్చి ఫోను చేశాను. వెనకాల సిమెంటు కలిపే యంత్రం మోత. "నీ అటెండెన్సు ఇంకా పోలేదు, వచ్చేయి," అన్నాను. "సరే సార్," అన్నాడు. పంతులు చెబితే పిల్లలు సరే అంటారు. దాని అర్థం వేరే. ఎంపిక సంగతి నేను ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. "వాళ్ళు నీకు రోజుకు ఎంత ఇస్తారు?" అని మాత్రం అడిగాను. చెప్పాడు. మా కాలేజీ ఇవ్వగలిగేది ఏదీ దానికి సాటి రాదు.

నవంబరు నెల సగం గడిచాక ఒక సోమవారం వచ్చి ఆఖరు బెంచీలో కూర్చున్నాడు. అరచేతులు పగిలి వున్నాయి. ఆ రోజు నేను యతి గురించి చెబుతున్నాను. పాదంలో వూపిరి ఎక్కడ ఆగి ఎక్కడ అందుకుంటుందో బోర్డు మీద గీతలు గీసి చూపించాను. వాడు గీతలకేసి శ్రద్ధగా చూశాడు. ఛందస్సు మీద అంత శ్రద్ధ నాకు అనుమానమే.

గంట కొట్టాక గుమ్మం దగ్గర ఆగాడు.

"సార్, వచ్చే యేడు సెలక్షన్‌ల గూడ మీరే వుంటరా?"

ఆశతో అడిగాడో భయంతో అడిగాడో వాడి మొహం చూస్తే తెలియలేదు.

"వుంటాను," అన్నాను.

"మంచిది సార్," అని చెప్పులు తొడుక్కుని, వరండా మెట్లు మూడూ ఒక్క దూకుడులో దిగి మైదానం వైపు వెళ్ళిపోయాడు.