2007 నాటి పదివేలు

ముసలి తల్లిదండ్రులను చూసుకోవడం గురించి మన సభల్లో, పత్రికల్లో మాట్లాడేవాళ్లంతా సంస్కారం దగ్గర మొదలుపెట్టి సంస్కారం దగ్గరే ఆపేస్తారు. ఖర్చు మాట వచ్చేసరికి ఎవరికీ నోరు పెగలదు. తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పిల్లలు చెల్లించాలని ట్రిబ్యునల్ ఆదేశించగల పోషణ ఖర్చుకు అందులోని 9వ సెక్షన్ పెట్టిన గరిష్ఠ పరిమితి నెలకు 10,000 రూపాయలు. నేటికీ అదే. ద్రాక్షారామం నుంచి ఏ వృద్ధురాలైనా ట్రిబ్యునల్‌గా కూర్చునే రామచంద్రపురం ఆర్డీవో ముందు ఫిర్యాదు పెట్టుకుంటే, కొడుకు కోటీశ్వరుడైనా అంతకు మించి రాసే అధికారం ఆయనకు లేదు.

మంచాన పడ్డ మనిషికి అన్నం తినిపించాలి, పక్క మార్చాలి, ఒళ్లు తుడవాలి, రాత్రిళ్లు లేవాలి. ఇది 24 గంటల పని. పదివేలను ఆ గంటలకు పంచితే గంటకు 14 రూపాయలు కూడా పడదు. ఇంటికి సహాయకులను పంపే ఏజెన్సీల రేట్లు పక్కన పెట్టండి, అవి అత్యాశే అనుకుందాం. 2025-26లో మన ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటలకొకరు చొప్పున రోజుకు ముగ్గురిని, మట్టిపనికిచ్చే ఆ కూలికే పెట్టుకున్నా నెలకు 27,630 అవుతుంది. చట్టం ఒప్పుకునేది పదివేలు. పోనీ ప్రభుత్వానికి తెలియదా అంటే, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పేదలకు 2024 నుంచి నెలకు 15,000 పింఛను ఇస్తున్నది ఈ రాష్ట్రమే. ఖజానాకు అర్థమైన లెక్క చట్టానికి ఎందుకు అర్థం కాదు?

పరిమితి తీసేస్తే పేద కొడుకులు చితికిపోతారని ఒక వాదన. పిల్లల స్తోమత చూశాకే ట్రిబ్యునల్ మొత్తం తేలుస్తుంది. కూలి చేసుకునేవాడి మీద ముప్పైవేలు ఎవరూ వేయరు. ఈ పదివేల గోడ కాపాడుతున్నది ఇవ్వగలిగీ ఇవ్వనివాడిని మాత్రమే. ట్రిబ్యునల్ దాకా వెళ్లేది ఎందరు అని మరో ప్రశ్న. తక్కువమందే, నిజం. కానీ వృద్ధుల పోషణకు కన్నబిడ్డలు ఎంతదాకా బాధ్యులో చట్టం అంకెల్లో చెప్పిన చోటు ఇది. ఇక ఇంట్లో ఆడవాళ్లు ఉన్నారు కదా అనేవాళ్లకు: రాజోలు, అమలాపురం వైపు నుంచి కువైట్, మస్కట్ వెళ్లిన మన ఆడవాళ్లు పరాయి ఇళ్లలో ముసలివాళ్లకు సేవ చేసి జీతం తీసుకుంటున్నారు. అక్కడ జీతమున్న పని ఇక్కడికొచ్చేసరికి కోడలి ధర్మం అయిపోతోంది!

ఈ పరిమితిని ఎత్తేయడానికి, ఇంటికొచ్చి చేసే సేవలకు కనీస ప్రమాణాలు పెట్టడానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. స్థాయీ సంఘం పరిశీలించి నివేదిక కూడా ఇచ్చింది. 2024లో ఆ సభ రద్దవడంతో బిల్లు మురిగిపోయింది. మన ఎంపీల్లో ఎవరికీ దాని మీద బెంగ ఉన్నట్టు కనబడదు. కేంద్రం కదలకపోతే రాష్ట్రమే సవరణ చేసి రాష్ట్రపతి ఆమోదానికి పంపవచ్చు. జనాభా ముసలిదైపోతోంది, పిల్లల్ని ఎక్కువగా కనండి అని హితవు చెప్పే నాయకులకు, స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేయడానికి 2024 నవంబరులో శాసనసభలో తీరిక దొరికింది. పుట్టబోయేవాళ్ల మీద అంత శ్రద్ధ ఉన్నవారు, ఇప్పటికే ముసలివాళ్లైనవారి కోసం పదివేలన్న ఒక్క అంకె కొట్టేయడానికి ఎన్ని సమావేశాలు కావాలో చెప్పాలి.