సిఫారసు చీటీ లేని రాతప్రతి

ఇంగ్లీషు ప్రచురణ రంగంలో ఏజెంటు అనే మనిషి ఉంటాడు. లండన్, న్యూయార్క్‌లలోని పెద్ద సంస్థలు చాలావరకు ఏజెంటు ద్వారా రాని రాతప్రతిని తెరిచి చూడవు. చిన్న, స్వతంత్ర సంస్థలు కొన్ని మాత్రం రచయిత్రి నేరుగా పంపినదాన్ని చదువుతాయి. ఏ నెలల్లో పంపాలో, ఎన్ని పేజీలు పంపాలో, జవాబు ఎన్నాళ్లకు వస్తుందో ముందే ప్రకటిస్తాయి. ఈ మాట ఎత్తగానే మనవాళ్లు కాస్త గర్వంగానే అంటారు, 'తెలుగులో ఆ బెడద లేదు, ఎవరైనా నేరుగా ప్రచురణకర్త దగ్గరికి వెళ్లొచ్చు' అని.

నిజంగా ఎవరైనా వెళ్లొచ్చా?

తెలుగులో ఏజెంటు లేడు. ఏజెంటు పని చేసేవాళ్లకు మాత్రం కొదవలేదు. ముందుమాట రాసే పెద్దాయన, సభలో పరిచయం చేసే విమర్శకుడు, 'మా అమ్మాయే, కాస్త చూడండి' అని ఫోను చేసే సీనియర్ రచయిత, వీళ్లంతా ఎవరు? ఇంగ్లీషు ఏజెంటు రచయిత తరఫున బేరమాడతాడు, వచ్చినదాంట్లో మామూలుగా పదిహేను శాతం తీసుకుంటాడు. లెక్క అక్కడితో సరి. మన పెద్దమనిషి కమీషను అడగడు, కృతజ్ఞత అడుగుతాడు. దానికి గడువూ లేదు, రసీదూ లేదు.

ఈ పరిచయాలు ఎక్కడ దొరుకుతాయి? సాయంత్రం సభల్లో, సభ అయ్యాక సాగే కబుర్లలో, ఊరు దాటి వెళ్లే ప్రయాణాల్లో. ఇంట్లో వంట ముగించి, పిల్లల్ని పడుకోబెట్టాక రాసుకునే మనిషికి ఆ సాయంత్రాలు ఉండవు. చిన్న ఊళ్లో ఉండే దళిత స్త్రీకి, ముస్లిం స్త్రీకి ఆ ఫోను చేసిపెట్టే 'పెద్దలు' ఇంకా తక్కువ. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చింది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసిన సాహిత్యాన్ని ఒకచోట చేర్చిన పుస్తకం అది. అంటే ఎనభై ఏళ్లుగా రాత ఉంది. లేనిది తలుపు.

ముందుమాట గురించి ఒక పాత సంగతి గుర్తు చేసుకోవాలి. ముద్దుపళని 'రాధికాసాంత్వనం'లో తన ఇంటి స్త్రీలను తలుచుకుంటూ తన వంశం చెప్పుకుంది. పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చిన అచ్చుప్రతిలో ఆ భాగాన్నే ఎత్తేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి వెతికి పట్టుకుని, తానే పరిష్కరించి, 1910లో పూర్తి పాఠాన్ని అచ్చు వేయించింది. ఆమె ఎవరి సిఫారసూ తీసుకోలేదు. పైగా కందుకూరి వీరేశలింగం లాంటి ప్రముఖుడి విమర్శకు ఎదురు నిలిచింది, ప్రభుత్వ నిషేధాన్నీ ఎదుర్కొంది. ఒక స్త్రీ తన గురించి తాను చెప్పుకున్న మాటను తీసేసిన చరిత్ర మనది. అలాంటి చోట నేటికీ మన మొదటి పుస్తకానికి మరొకరి యోగ్యతాపత్రం కోసం తిరగడం ఎందుకు?

'మావి చిన్న సంస్థలు, వెయ్యి కాపీలు అమ్ముడుపోవడానికే ఏళ్లు పడుతుంది' అని ప్రచురణకర్తలు అంటారు. నిజమే. స్త్రీలు నడిపే సంస్థలకూ ఆ కష్టం ఉంది. కానీ 'ఇలాంటి పుస్తకాలు వేస్తాం, ఇలా పంపండి, మూడు నెలల్లో చెబుతాం' అని ఒక కాగితం మీద రాసి పెట్టడానికి ఎంత పెట్టుబడి కావాలి? 'వేయలేం' అని ఒక్క వాక్యం రాయడానికి ఎంత ఖర్చవుతుంది? జవాబివ్వకపోవడానికి పేదరికం కారణం కాదు. అవతలి మనిషి మళ్లీ అడగదన్న ధీమా.

ఇక 'డబ్బు మీరు పెట్టుకోండి, మా పేరు వేస్తాం' అనే పద్ధతి. సొంత సంపాదన కూడా సొంతం కాని ఇళ్లలో, ఆమె పుస్తకం రావాలా వద్దా అన్నది భర్త తేల్చే విషయం అవుతుంది. అలా రాతప్రతిని ఎంచే సంపాదకుడు ఇంట్లోనే తయారవుతాడు.

ఒప్పందం అడిగితే 'మన మధ్య కాగితాలెందుకమ్మా' అంటారు. చట్టం అలా అనదు. 1957 కాపీరైట్ చట్టం పందొమ్మిదో సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. గడువు రాయకపోతే అయిదేళ్లు అని లెక్క. వేరేగా రాసుకోకపోతే, ఏడాదిలోపు హక్కును వాడుకోని ప్రచురణకర్త చేతినుంచి అది జారిపోతుంది. 'మనమ్మాయి' అన్న పిలుపులో కరిగిపోయేది ఈ హక్కులే.

అందుకే మనం అడగాల్సింది ఏజెంట్లను కాదు, నియమాలను. ప్రతి ప్రచురణ సంస్థా రాతప్రతులు ఎలా తీసుకుంటుందో బహిరంగంగా చెప్పాలి. గడువులోగా జవాబివ్వాలి. ఒప్పందం రాయాలి. ఎన్ని కాపీలు వేశారో, ఎన్ని అమ్మారో ఏడాదికోసారి లెక్క చూపాలి. స్త్రీవాద సంస్థలు ఈ పని ముందుగా మొదలుపెట్టాలి, ఎందుకంటే పరిచయాల ద్వారా నడిచే అధికారాన్ని మొదట ప్రశ్నించింది మనమే.

రచయిత్రులు కూడా ఒక పని చేయాలి. ముందుమాట లేకుండా, ఎవరి పేరూ చెప్పకుండా రాతప్రతి పంపాలి. ఒక నకలు దగ్గర ఉంచుకుని, పంపిన తేదీ రాసిపెట్టుకోవాలి. గడువు దాటితే మొహమాటపడకుండా అడగాలి. చదవమని అడగడం ఎవరినీ దేబిరించడం కాదు.